మధ్య జాడీ మూత

మూతలు ముందు కడగాలి, జాడీలు తర్వాత. హిస్కె వీర్స్మా ఈ వరస ఎప్పుడూ తప్పలేదు. జాడీలు కడిగి చేతులు మొద్దుబారాక మూత పట్టుకుంటే జారుతుంది. జారి పగిలిన మూతకు సరిజోడు ఇక ఎక్కడా దొరకదు.

వేలంశాల వెనక గదిలో కిటికీ కింద సింకు ఉంది. అడుగున తువ్వాలు మడతపెట్టి పరిచి, గోరువెచ్చటి నీళ్లు నాలుగు వేళ్ల లోతు పట్టింది. చొక్కా చేతులు మోచేతిపైకి మడిచింది. తీయడానికి ఉంగరమేమీ లేదు. గడియారం మాత్రం విప్పి కిటికీ గట్టు మీద పెట్టింది. బయట హార్లింగెన్ రేవులో ఫిబ్రవరి గాలికి పడవల తాళ్లు తెరచాప కొయ్యలను కొడుతున్నాయి. ఆ చప్పుడు పొద్దుటి నుంచీ ఆగలేదు.

బల్ల మీద నీలం పువ్వుల తెల్లటి పాత్రలు అయిదు. మూడు బొజ్జ జాడీలు, వాటికి మూడు మూతలు. మూతల్లేని పొడుగు కూజాలు రెండు. పాతకాలపు ఓడ కెప్టెన్ల ఇళ్లలో పెద్ద బీరువా నెత్తిన ఇలాంటివి అయిదేసి నిలబెట్టేవాళ్లు. జాడీ, కూజా, జాడీ, కూజా, జాడీ. ఇవి రెండున్నర వందల ఏళ్ల నాటివి. నిన్న పెట్టె విప్పగానే హిస్కె వాటిని గుర్తుపట్టింది. నలభై ఒక్కేళ్లయింది చూసి. అయినా ఎవరితోనూ అనలేదు.

ద్యూకె కాఫీ తెచ్చింది. ఆఫీసు పనంతా చూసుకునే మనిషి, హిస్కె కంటే పదిహేనేళ్లు చిన్న. బిస్కెట్ల డబ్బా తెరిచి ఒకటి ఇచ్చి, అలవాటుగా మూత పెట్టబోయి ఆగింది.

"ఇంకోటి తీసుకో. శుక్రవారం రిటైరయ్యేదాకానేగా నువ్వుండేది."

"అంటే శుక్రవారం దాకా నాకు రెండేసి బిస్కెట్లా?"

"ఆశకు అంతుండాలి హిస్కె. ఇవాళ్టికి రెండు." ద్యూకె బల్ల మీద ఒక కాగితం పెట్టింది. "మన హాలండు దొర లాంబెర్ట్ రాశాడు, వేలం కేటలాగుకి. కడిగాక పగుళ్లేమైనా కనిపిస్తే చెప్పమన్నాడు. గురువారం మధ్యాహ్నం అచ్చుకి పోవాలిట."

హిస్కె చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. వేలు వాక్యం కింద పెట్టి చదవడం ఆమె అలవాటు. పద్నాలుగేళ్లకే బడి మానేసింది. చదువు వచ్చిందంటే ఈ కేటలాగుల వల్లే వచ్చింది. ప్రతి కేటలాగు మొదట్లోనూ ఒక పట్టిక ఉంటుంది, ఏ మాటకు ఎంత బరువో చెప్పేది. 'ఫలానావారు చేసినది' అంటే సందేహం లేదని. 'ఫలానావారిదని తోస్తున్నది' అంటే నమ్మకం ఉంది గాని రుజువు చాలదని. 'ఫలానావారి శాలది' అంటే ఆయన చెయ్యి పడకపోయినా ఆయన కప్పు కింద తయారైందని. 'ఫలానావారి తరహాది' అంటే ఎవరో చూసి నేర్చుకుని చేశారని. ఆ పట్టిక ఆమెకు కంఠతా వచ్చు. అన్నేళ్లలో ఆ పేజీల్లో నీలం కుంచె పట్టిన ఒక్క ఆడమనిషి పేరు కూడా చూసిన గుర్తు లేదు.

లాంబెర్ట్ రాసినది నాలుగే వరసలు. 'అయిదూ ఒకే శాలవి, ఒకే కాలానివి. మూతలు మూడూ మొదటివే. తర్వాతి చేర్పులు లేవు.'

ఆఖరి రెండు వాక్యాలూ మళ్లీ చదివింది.

"ఒకటి నాది," అంది.

"ఏమిటి?"

"మూతల్లో ఒకటి. మధ్య జాడీ మూత నేను చేశాను. వొప్కె మేస్త్రి మట్టిపాత్రల శాలలో ఉన్నప్పుడు. అప్పట్లో ఇవి ఉన్న కెప్టెన్ గారింట్లో పనమ్మాయి బూజు దులుపుతూ పగలగొట్టింది."

మూడూ ఒకే కొలతవి, ఏ జాడీకైనా సరిపోతాయి. ద్యూకె బల్ల దగ్గరికి వచ్చి మూడు మూతలనూ మార్చి మార్చి చూసింది. "ఏది?"

హిస్కె కూడా చూసింది. చూస్తూనే ఉండిపోయింది. కాఫీ చల్లారిపోయింది.

*

లాంబెర్ట్ యాభై ఏళ్ల మనిషి. పాత పాత్రల నిపుణుడు. హాలండు ప్రాంతపు హార్లెం నుంచి వారానికి రెండు రోజులు వచ్చి పోతాడు. గొంతు పెంచడు, ఎవరినీ తొందరపెట్టడు. హిస్కె చెప్పిందంతా కోటు విప్పకుండానే నిలబడి విన్నాడు. తర్వాత కిటికీ తెర లాగి, ఊదారంగు వెలుగునిచ్చే చేతిదీపం వెలిగించాడు. జిగురుతో అతికినదీ పైన రంగు పూసినదీ ఆ వెలుగులో పాలిపోయి బయటపడుతుంది. మూడు మూతలనూ తిప్పి తిప్పి చూపించాడు. మూడూ ఒకేలా, మసక ఊదాగా ఉన్నాయి.

"అతుకు లేదు, పూత లేదు వీర్స్మా గారూ."

"ఉండదు. అతికింది కాదది. మట్టి తొక్కి, చక్రం మీద తీసి, తెల్ల పూతలో ముంచి, పూలు వేసి కాల్చింది. మట్టి కూడా పాత శాల గుంటలోంచి తవ్వి తెచ్చాం. దీపానికేం తెలుస్తుంది?"

"తెచ్చాం అంటే?"

"నేనూ, ఇంకొకామె." హిస్కె మాట మార్చింది. "ఆ రోజు మేస్త్రి రెండు పాత మూతల మధ్య దీన్ని పెట్టి, ఏది కొత్తదో తనే చెప్పలేకపోయాడు. ఇద్దరు పనివాళ్లలో ఒకర్నే ఉంచుకోగలడప్పుడు. నన్ను ఉంచుకున్నాడు. దీన్ని చూసే."

"మరి గుర్తు? మీ ఊరి శాలల్లో కొత్తగా చేసి పెట్టిన ప్రతి ముక్కకీ లోపల గుర్తు వేయాలి కదా. ఆ నియమం ఇక్కడే గట్టిగా ఉండేదని విన్నాను."

"వేశాను. లోపల ఇక్కడ, నిలువు గీత ఒకటి, అడ్డగీత రెండు. అది నా గుర్తు."

"లేదుగా."

"బట్టీలో పోయింది."

లాంబెర్ట్ దీపం ఆర్పాడు. తెర తీశాడు. మాట్లాడే ముందు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నీలంతో వేశారా?"

"నీలంతోనే."

"కోబాల్టు నీలం బట్టీలో పోయిందా?"

హిస్కె మూత లోపల మళ్లీ చూసింది. ఎరుపు పోతుంది. ఆకుపచ్చ మాడుతుంది. కోబాల్టు నీలం చెదురుతుందేమో గాని ఏ మంటకూ పోదు. ఈ సంగతి తెలియని మనిషి ఆ పనిలో ఒక్క వారం కూడా నిలవదు.

"మీ మాట కాదనను," అన్నాడాయన మెల్లగా. "అది ఏ మూతో చూపించండి. కొనాలనుకుంటున్న మ్యూజియం వాళ్లు మొహం ముడుచుకున్నా సరే, మీ పేరుతో రాస్తాను. అదే చూపించలేకపోతే ఏమని రాయను? మూడింటిలో ఒకటి, ఏదో తెలియదు, అనా?"

"గురువారం దాకా టైముంది కదా?"

"మధ్యాహ్నం దాకా."

ఆయన వెళ్లాక ద్యూకె తలుపు దగ్గర నిలబడి అంది. "నాకైతే నమ్మకమే. కానీ హిస్కె, ఇన్నేళ్లూ నోరు మెదపకుండా ఇప్పుడెందుకు?"

"ఇంటికి పోతున్నాను కదా," అంది హిస్కె. "ఏదో ఒక కాగితం మీద నా పేరు ఉంటే బాగుంటుందనిపించింది. అంతే."

*

బుధవారం ఆమె కుంచెలు తెచ్చుకుంది. ఇంట్లో వంటగది సొరుగులో గుడ్డలో చుట్టి ఉన్నవి, నక్క వెంట్రుకలవి మూడు. వాటి వెనకే రేకుడబ్బా ఉంది. అందులో పోర్చుగల్ నుంచి వచ్చిన కార్డులు పదకొండు. హిస్కె కుంచెలు తీసుకుని సొరుగు మూసేసింది.

వెనక గదిలో వంటింటి త్రాసు మీద మూడు మూతలనూ తూచింది. అయిదారు గ్రాముల తేడా. పాతవాటిలో వాటికవే అంత తేడా ఉంటుంది. అంచుల పెచ్చులు చూసింది, మూడింటికీ రాలి ఉన్నాయి. దాంతో ఏమీ తేలలేదు.

చివరికి ఒక పళ్లెంలో నీలం కలిపి, తెల్ల కాగితం పరిచి, మూత మీది పువ్వును చూడకుండా గుర్తున్నట్టు వేసింది. ముందు తీగ, తర్వాత ఆకు, ఆఖర్న పువ్వు నడుమ చుక్కలు. తీగ మెలిక దగ్గర ఆమె చెయ్యి ఎప్పుడూ కొంచెం వెనక్కి లాగుతుంది, గాలానికి కొక్కెంలా. మేస్త్రి దానికి తిట్టేవాడు. నీ తీగలకు చేపలు పడతాయే హిస్కె, అనేవాడు. ఎంత మానుకుందామనుకున్నా ఆ కొక్కెం పోలేదు. ఇప్పుడూ పడింది.

కాగితం పక్కన మూతలు ఒక్కొక్కటే పెట్టి చూసింది. మొదటిదాని మీద తీగలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోదాని మీద మెలికలు ఇంకా తేలిగ్గా, ఊపిరి బిగపట్టకుండా గీసినట్టు ఉన్నాయి.

కొక్కెం ఎక్కడా లేదు.

కాగితం మీద ఇంకో తీగ వేసింది. మళ్లీ కొక్కెం.

ద్యూకె రై రొట్టె, లవంగాల జున్ను ఉన్న పళ్లెంతో వచ్చింది. "తిను. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు." కాగితం చూసింది. "అబ్బో, చెయ్యి ఇంకా అలాగే ఉందే! ఏ మూతో దొరికిందా?"

"లేదు."

"వయసుతో చెయ్యి మారి ఉంటుంది."

"కొక్కెం వచ్చిచేరితే వయసు వల్ల అనొచ్చు. చిన్నప్పటి నుంచీ ఉన్నది ఆ ఒక్క రోజే లేకుండా పోతుందా?"

ద్యూకెకు అర్థం కాలేదు. పళ్లెం దగ్గరగా జరిపి, "ముందు జున్ను తిను, తర్వాత ఆలోచించు" అని వెళ్లిపోయింది.

హిస్కె జున్ను ముట్టలేదు. నిన్న కడిగినవే అయినా సింకులో నీళ్లు పట్టి, మూడో మూతను మళ్లీ నీళ్లలో దించింది. చేతికి పని ఉంటే ఆలోచన సాగుతుంది. బోర్లా తిప్పి లోపలి అంచును వేళ్లతో రుద్దసాగింది. మూత జాడీలో దిగే అంచు అది, ఎవరూ చూడని చోటు. పూతలో ముంచేటప్పుడు మూతను అక్కడే పట్టుకుంటారు. వేళ్లు ఉన్న చోట పూత అంటదు. ముంచి తీశాక ఆ మచ్చలను కుంచెతో కప్పేస్తారు. కప్పినా తడి వేలికి ఆ చోటు తెలుస్తుంది, చర్మం మీద పాత గాటులా.

బొటనవేలి గుంట దొరికింది. ఎదురుగా మిగతా వేళ్లవి. హిస్కె తన వేళ్లను వాటిలో ఆనించింది. మధ్యవేలు కుదిరింది. ఉంగరం వేలు కుదిరింది. చూపుడువేలు గుంట దాటి అంచు మీదికి పోయింది.

చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. చూపుడువేలి గుంట సగమే ఉంది. కొస లేదు.

నీళ్లలో చేతులు ఉంచుకునే నిలబడింది.

శాలలో తనతో పనిచేసిన బౌక్యెకు చూపుడువేలి కొస లేదు. మట్టి పిసికే మరలో పోయింది, పంతొమ్మిదేళ్లప్పుడు. ముక్కు గిల్లుకోవడానికి పనికిరాని వేలు అని తనే నవ్వేది. ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని ఇద్దరూ ఆరేళ్లు పనిచేశారు. ఆరేళ్లూ మధ్యాహ్నపు రొట్టె ఒకే గుడ్డలో తెచ్చుకున్నారు. ఆ వారం బట్టీ తెరిచే వంతు బౌక్యెది. హిస్కె వచ్చేసరికి మూత పళ్లెంలో ఉంది, వెచ్చగా, తెల్లగా, పగులు లేకుండా. బౌక్యె పగిలిన పెంకుల బాల్చీ పట్టుకుని కాలువ గట్టుకు పోతోంది.

"బాల్చీ వంతు కూడా నీదేనా?" అని హిస్కె కేకేసింది.

"నడుస్తుంటే వేడిగా ఉంటుంది," అంది బౌక్యె, వెనక్కి తిరగకుండా.

బాల్చీ మీద గోనెపట్టా కప్పి ఉంది. పెంకుల బాల్చీకి ఎవరు పట్టా కప్పుతారు?

మర్నాడు బౌక్యె రాలేదు. గది ఖాళీ చేసి రైలెక్కిందని మేస్త్రి చెప్పాడు. అప్పటి నుంచి ఎవరడిగినా హిస్కె ఒకటే మాట చెప్పింది. నా మూత బాగా వచ్చిందని ఓర్వలేకపోయింది, పోయొస్తానని కూడా అనకుండా పోయింది, అని. మొదట్లో ఏడుస్తూ చెప్పింది, తర్వాత కోపంగా చెప్పింది, ఆ తర్వాత కాఫీ తాగుతూ మామూలుగా చెప్పింది. ఏటా క్రిస్మస్ ముందు బౌక్యె నుంచి, గోడకు అంటించే రంగు పలకల శాల బొమ్మతో కార్డులు వచ్చేవి. 'ఇక్కడ ఎండ బాగుంది. చెయ్యి ఎలా ఉంది?' అని రెండే వాక్యాలు. ఒక్కదానికీ హిస్కె జవాబు రాయలేదు. పదకొండు తర్వాత అవీ ఆగిపోయాయి.

తన గుర్తు బట్టీలో పోలేదు. పగిలిన తన మూత పెంకుల మీద కాలువలోకి పోయింది.

కొత్త మూత లోపల బౌక్యె హిస్కె గుర్తు వేస్తే అది దొంగ సంతకం. తన గుర్తు వేస్తే గుట్టు బయటపడుతుంది. బౌక్యె ఏదీ వేయకుండా వదిలేసింది. ఆ ఖాళీని చూసి హిస్కె ఆ రోజే అడగాల్సింది. కోబాల్టు పోదని అప్పుడూ తెలుసు. అడగలేదు. మేస్త్రి భుజం తట్టాడు, అందరూ చుట్టూ మూగారు. పోయిందనుకోవడమే తేలికైంది.

మూతను తువ్వాలు మీద బోర్లించింది. నీళ్లు వదిలేసింది. గది లోపల సింకు గుటకలేస్తున్న చప్పుడు, బయట తాళ్ల చప్పుడు.

*

గురువారం లాంబెర్ట్ వచ్చేసరికి మూతలు మూడూ బోర్లించి ఉన్నాయి, మూడోదాని పక్కన తడి స్పాంజి ఉంది.

"ఇదీ," అంది హిస్కె. "వేలు పెట్టి చూడండి. ఊఁహు, అలా కాదు, తడి చేసుకోండి. చూపుడువేలు ఎక్కడికి పోతోంది?"

ఆయన తడుముకున్నాడు. మిగతా రెండు మూతలనూ తడిమాడు. మళ్లీ మూడోదానికి వచ్చాడు. మనిషి కళ్లు మెరిశాయి.

"సగం వేలు! బాగుంది వీర్స్మా గారూ, చాలా బాగుంది. మిగతా రెండింట్లో వేళ్లే వేరు." అప్పుడాయన చూపు ఆమె చేతుల మీద పడింది. పది వేళ్లూ నిండుగా ఉన్నాయి.

"నాది కాదు," అంది హిస్కె. "నాది పగిలిపోయింది. నాతో పనిచేసిన బౌక్యె ముందే ఇంకోటి చేసి అదే బట్టీలో పెట్టింది, నాకు తెలియకుండా. మేస్త్రి నన్ను ఉంచుకోవాలని."

లాంబెర్ట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు కాగితం మీద కలం ఆడించాడు.

"నేను 'బౌక్యె గారిదని తోస్తున్నది' అని రాయగలను. అంతకు మించి రాయలేను. ఒక వేలిముద్రే కదా ఆధారం."

"తోస్తున్నది వద్దు."

"పట్టికలో మాటలకు..."

"పట్టిక నాకు మీకంటే ముందు నుంచి తెలుసు బాబూ." గొంతు లేచింది. ద్యూకె తలుపు తెరిచి తొంగి చూసింది. హిస్కె తగ్గలేదు. "సందేహం లేకపోతే 'చేసినది' అని రాయాలి. నాకు లేదు. మీకు కావలసింది సాక్షి. నేనున్నాను. ఆ మూత నాదని నలభై ఒక్కేళ్లు చెప్పుకున్న మనిషిని నేను. నాది కాదని నేనే చెప్తుంటే ఇంకేం సాక్ష్యం కావాలి?"

"సంతకం చేసి ఇస్తారా? మీరు చెప్పినదంతా. పెంకుల బాల్చీతో సహా."

"అన్నీ రాయండి. ఓర్వలేక పోయిందని నేను ఊరంతా చెప్పానని కూడా రాయండి."

"అది కేటలాగుకి అక్కర్లేదు."

"నాకు కావాలి."

ఆయన రాశాడు. ఆమె ఒక్కో వరస కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. ఒక చోట ఆయన బౌక్యెను 'ఆమె సహాయకురాలు' అని రాస్తే కొట్టేసి 'ఒకే బల్ల పనిమనిషి' అని రాయించబోయి, అదీ కొట్టేయించి, 'ఆమెతో సమానంగా పనిచేసిన చిత్రకారిణి' అని రాయించింది. తర్వాత సంతకం చేసింది. ఆఖరి అక్షరం తోక వెనక్కి తిరిగింది, కొక్కెంలా.

*

శుక్రవారం మధ్యాహ్నం ప్రూఫులు వచ్చాయి. ద్యూకె వేడుక చేద్దామని చక్కెర రొట్టె కొని తెచ్చింది. లాంబెర్ట్ రెండు మాటలు మాట్లాడాడు, ఒక పూలగుత్తి ఇచ్చాడు. మ్యూజియం నుంచి ఇంకా కబురు రాలేదని, రాకపోయినా ఫరవాలేదని అన్నాడు. హిస్కె పూలను సింకులో పెట్టి, ఆ పేజీ చూపించమంది.

'మధ్య జాడీ మూత తర్వాతి చేర్పు. బౌక్యె తెర్‌ఫ్‌స్ట్రా చేసినది, హార్లింగెన్, 1979.'

హిస్కె పేరు ఎక్కడా లేదు. రెండుసార్లు చదివింది.

"ఈ కాగితం నేను తీసుకోవచ్చా?"

"అసలు కేటలాగే పంపిస్తాను కదా, రెండు వారాల్లో," అన్నాడు లాంబెర్ట్.

"రెండు వారాలు ఆగలేను."

తోలు సంచిలోంచి రేకుడబ్బా తీసింది. కార్డులన్నిటికీ కింద ఉన్నది, ఆఖరున వచ్చింది, బల్ల మీద పెట్టింది. పలకల శాల బొమ్మ, వెనక పోర్చుగల్‌లోని ఆవెయిరో ఊళ్లో ఒక వీధి పేరు, ఇంటి నంబరు. ద్యూకె దాని మీద తపాలా ముద్ర చూసి లెక్కేసింది.

"హిస్కె, ఇది ముప్పయ్యేళ్ల కిందటిది. ఆమె అక్కడ ఉంటుందా? అసలు..."

"తెలియదు."

"మరి ఉత్తరం?"

"ఏం రాయను? నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ నా గురించే వస్తోంది." ప్రూఫు పేజీని నాలుగుగా మడిచి కవర్లో పెట్టింది. బౌక్యె పేరున్న వరస పైకి వచ్చేలా మళ్లీ తీసి, విప్పి మడిచింది.

కవరు మీద చిరునామా రాసింది. స్టాంపు ద్యూకె అంటించింది.

"ఇలా ఇవ్వు, సాయంత్రం డబ్బాలో వేస్తాను."

"ఆగు." హిస్కె కవరు వెనక్కి తిప్పింది. శాల మూతపడ్డాక ఆమె రెండు ఇళ్లు మారింది. ఆ పదకొండు కార్డులూ వచ్చింది పాత వీధికి. తను ఇప్పుడు ఎక్కడుందో బౌక్యెకు తెలియదు. పన్నెండో కార్డు రాసిందేమో, ఏ గడపలో పడిందో, అదీ తెలియదు.

కలం సరిగ్గా పట్టుకుని, కవరు వెనక మడత మీద తన పేరు రాసింది. దాని కింద వీధి, ఇంటి నంబరు, ఊరు. దూరం నుంచి చూసినా కనబడేలా అక్షరాలు పెద్దవిగా రాసింది. సిరా ఆరేదాకా కవరును చేతిలోనే ఉంచుకుంది.